పారేసిన కవరు ఎవరి చేతికి చేరుతుంది?

ఏప్రిల్ 14 మన పేటల్లో ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వారం ముందు నుంచే చందాలు, నీలి తోరణాలు, పిల్లల హడావుడి. ఆ రోజు ఉదయం బాబాసాహెబ్ విగ్రహానికి పూలమాల, త్రిశరణ పంచశీల, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఊరేగింపు. మనకు పండగంటే అదే.

నేను చెప్పబోయేది 15వ తేదీ ఉదయం సంగతి.

కొన్నేళ్ల కిందట కోనసీమలో ఒక పేటవాళ్లు జయంతికి ధమ్మ ప్రసంగం చెయ్యమని పిలిస్తే వెళ్లాను. రాత్రి పొద్దుపోయి అక్కడే పడుకున్నాను. తెల్లారి వీధిలోకి వచ్చేసరికి నేల కనపడలేదు. తొక్కేసిన ప్లాస్టిక్ గ్లాసులు, ఖాళీ వాటర్ ప్యాకెట్లు, సాంబారు అంటుకున్న థర్మాకోల్ ప్లేట్లు, తెగిపోయిన నీలి తోరణాలు. సగం వీధిలో, సగం పక్కనున్న పంట బోదెలో. పంచాయతీలో చెత్త ఎత్తే ఒకావిడ ఒక్కతే వంగి అవన్నీ ఏరుతోంది. ఆ పేట మనిషే. ముందురోజు మనతో కూర్చుని పంచశీల చెప్పినావిడే.

ఆవిడ అన్నీ బండిలో వేస్తూ, గాలికి చిరిగి పడిపోయిన ఒక ఫ్లెక్సీని మాత్రం మడతపెట్టి గోడకి ఆనించింది. "అది వెయ్యలేదేమ్మా?" అని అడిగాను.

"అందులో అయ్య బొమ్మ ఉందండి. చెత్తలో ఎలా వేత్తాను? పోనీ కాల్చేద్దామంటే చేతులు రాటం లేదండి. ఎక్కడెట్టమంటారో మీరే చెప్పండి" అంది.

ముందురోజు వేదిక మీద గంటసేపు మాట్లాడినవాణ్ని. ఆవిడ అడిగిన చిన్న మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ చిన్న పుస్తకం. ప్లాస్టిక్ వాడకం తగ్గించుకోవడం గురించి చాలామంది చెబుతుంటారు. భూమి గురించి, సముద్రం గురించి, తాబేళ్ల గురించి చెబుతారు. అవీ నిజమే. కానీ బాబాసాహెబ్ చూపిన దారిలో నడిచే మనం అంతకన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మనం పారేసినది ఎవరి చేతికి చేరుతుంది?

సునీతుడి గంప

'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ చెప్పిన సునీతుడి కథ మీలో చాలామంది చదివే ఉంటారు. సునీతుడు రాజగృహంలో వీధులు ఊడ్చేవాడు. ఇళ్లవాళ్లు బయటికి విసిరేసిన చెత్తను పోగుచేసి, గంపకెత్తుకుని మోసుకుపోవడం అతని పని. అతను కోరి ఎంచుకున్న పని కాదది, పుట్టుకతో నెత్తిన పడింది.

ఒకరోజు తెల్లవారుజామున అతను ఊడుస్తుండగా భగవాన్ బుద్ధుడు భిక్షువులతో కలిసి అదే వీధిలోకి వచ్చాడు. సునీతుడికి సంతోషం, దానితోపాటే భయం. తప్పుకుందామంటే చోటు లేదు. కావిడి పక్కన పెట్టి, గోడకి అతుక్కుపోయినట్టు నిలబడి చేతులు జోడించాడు. ఎదుటివాళ్లు మైలపడతారేమోనని గోడకి అతుక్కుని నిలబడటం అంటే ఏమిటో మన తాతలకు, ముత్తాతలకు ఒకరు చెప్పక్కర్లేదు. బుద్ధుడు తప్పుకుని పోలేదు. దగ్గరకు వెళ్లాడు. పేరుపెట్టి పలకరించాడు. ఈ బతుకు వదిలి సంఘంలోకి రాగలవా అని అడిగి, భిక్షువుగా చేర్చుకున్నాడు.

ఈ కథ విన్నప్పుడల్లా మన ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగాలి కూడా. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ గంపలోని చెత్త ఎక్కడినుంచి వచ్చింది? ఇళ్లలోంచి వచ్చింది. ఊరందరూ విసిరేశారు కాబట్టి ఒకడు మోయాల్సి వచ్చింది. విసిరేవాడికి ఆ మోసేవాడి ముఖం కూడా తెలియదు. కులవ్యవస్థ నడిచిన తీరే అది. మురికి చేసేది ఒకడు, ఎత్తేది ఇంకొకడు, చివరికి మురికివాడని పేరు పడేది ఎత్తినవాడికి.

బుద్ధుడు సునీతుణ్ని గంప దింపించి లేవదీశాడు. మనం ఈ రోజు వాడి పారేస్తున్న ప్రతి కవరూ ఇంకో సునీతుడి నెత్తిన గంప పెడుతోంది.

కవరు వెంట నడిచి చూద్దాం

కారణం లేకుండా కార్యం లేదని, ఒకటి ఉంటే దాన్ని పట్టుకుని ఇంకొకటి పుడుతుందని మన ధమ్మం చెబుతుంది. ప్రతీత్య సముత్పాదమంటే పెద్ద మాటలా వినిపిస్తుంది గాని, ఒక్క కవరు వెంట నడిస్తే చాలు, అర్థమైపోతుంది.

సాయంత్రం కర్రీ పాయింట్ కాడ కూర కొన్నారనుకోండి. కూరొక కవరులో, సాంబారొక కవరులో, పెరుగుపచ్చడి ఇంకో చిన్న కవరులో, అన్నీ కలిపి ఇంకో పెద్ద కవరులో. ఇంటికి వచ్చాక పావుగంటలో నాలుగు కవర్లు చెత్త అయిపోయాయి. వేడివేడి సాంబారు ఆ పల్చటి కవరులో కూర్చున్నంతసేపూ ఏమేం కలిసిందో కంటికి కనపడదు.

ఆ నాలుగు కవర్లూ వీధిలోకి వెళ్లాయి. కూర వాసనకి ఆవు వచ్చి కవరుతో సహా నమిలింది. దాని కడుపులో అది అరగదు, బయటికీ రాదు. ఏళ్ల తరబడి ఉండగట్టి మేత లోపలికి పోకుండా అడ్డం పడుతుంది. ప్రాణిని హింసించనని శీలం తీసుకున్నాం. ఆవుని దేవతగా కొలవడం మన పద్ధతి కాదు. అది బాధపడగల ప్రాణి, మనకది చాలు.

మిగిలిన కవర్లు గాలికి కాలువలో పడ్డాయి. మనది డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు వైపులా కాలువలు పారాయి. ఈ నేల బల్లపరుపుగా ఉంటుంది. నీరు ఇక్కడ పరుగెత్తదు, మెల్లగా జారుతుంది. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువకి, పిల్లకాలువ నుంచి బోదెకి, చేలోంచి మురుగు కాలువకి, అక్కణ్నుంచి సముద్రానికి. ఇంత నెమ్మదిగా పారే నీటికి ఒక తూము దగ్గర పది కవర్లు అడ్డంపడితే చాలు. పైన నీళ్లు నిలిచిపోతాయి, కింద శివారు పొలానికి తడి అందదు. భీమవరం దగ్గర యనమదుర్రు డ్రెయిన్ చూడండి, తూర్పున తుల్యభాగ చూడండి, రాజమండ్రిలో నల్లా ఛానల్ చూడండి. నీళ్ల మీద తేలేది ఏమిటో మీరే చెబుతారు.

నిలిచిన నీళ్లు ఎవరింటి ముందు నిలుస్తాయి? ఊరు మెరకన ఉంటుంది, పేట పల్లంలో ఉంటుంది. డెల్టాలో మన పేటలు చాలావరకు కాలువగట్ల మీద, మురుగు కాలువల పక్కన, ఊరి నీళ్లన్నీ దిగే చోట ఉన్నాయి. అది మనం ఎంచుకున్న స్థలం కాదు. కాబట్టి ఊరు విసిరిన కవరైనా, మనం విసిరిన కవరైనా, చివరికి దోమై కుట్టేది మన పిల్లల్నే.

తూము పూడిపోతే దాన్ని తియ్యడానికి ఎవరు దిగుతారు? పట్నంలో మ్యాన్‌హోల్ నిండితే ఎవరు దిగుతారు? 2013లో చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించే చట్టం వచ్చింది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడం ఆ చట్టం కింద నేరం. ఆ కాలువల్లో ప్రాణాలు పోయిన వాళ్ల కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. సఫాయి కర్మచారీల కోసం జీవితమంతా పోరాడిన బెజవాడ విల్సన్ గారికి 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన కోలారు బంగారు గనుల కాలనీలో, ఇదే పని చేసే కుటుంబంలో పుట్టినవాడు. ఇంత జరిగినా మురుగులోకి మనుషులు దిగుతూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. కాలువల్ని మూసేసేవాటిలో కవర్లది, ప్యాకెట్లది పెద్ద వాటా.

పోనీ పోగుచేసి తగలబెడదామా? ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఫ్లెక్సీలు తయారుచేసే పీవీసీ కాలితే డయాక్సిన్లనే విషం పుడుతుంది. ఆ కుప్ప పక్కన నిలబడి కర్రతో కెలికేది కూడా ఆ చెత్త ఎత్తే ఆవిడే.

చూశారా? కూర కవరు దగ్గర మొదలుపెట్టాం, మన మనిషి ఊపిరి దగ్గర తేలాం. మధ్యలో దేవుడూ లేడు, కర్మరాతా లేదు. అన్నీ మనుషుల చేతులే. చేతులు కట్టిన ముడిని చేతులే విప్పాలి.

రెండు గ్లాసులు, మూడో గ్లాసు

ఇప్పుడు టీ కొట్టు దగ్గరికి వద్దాం. ఈ సంగతి మనం తప్ప ఇంకెవరూ చెప్పరు.

రెండు గ్లాసుల పద్ధతి మన పెద్దలకు కథ కాదు, అనుభవం. ఊళ్లోవాళ్లకి కొట్టు లోపల గ్లాసు, మనకి బయట గుంజకి వేలాడే గ్లాసు. తాగి మనమే కడిగి బోర్లించాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో ఒక చట్టం, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. మన కుర్రాళ్లు ఆ గ్లాసులు పగలగొట్టారు, దెబ్బలు తిన్నారు, కేసులు పెట్టారు.

తర్వాత ఏమైంది? చాలా కొట్లలో వాడి పారేసే గ్లాసు వచ్చింది. అందరికీ ఒకటే గ్లాసు, సమానత్వం వచ్చేసిందని మనమూ సంబరపడ్డాం. కానీ దాని వెనక ఇంకో సౌకర్యం దాగి ఉంది. మనం తాగిన గ్లాసును ఇక ఎవరూ కడగక్కర్లేదు. మనం ముట్టిన గ్లాసులో ఇంకెవరూ తాగక్కర్లేదు. రెండో గ్లాసుతో చేసే అవమానం పైకి కనపడేది. మూడో గ్లాసు వచ్చి అదే దూరాన్ని కనపడకుండా దాచేసింది. ప్రతి కొట్టూ ఇలాగే ఆలోచించి తెచ్చిందని నేననను. కడిగే పని తప్పుతుందని తెచ్చినవాళ్లే ఎక్కువమంది ఉండొచ్చు. కానీ ఇంటికి పిలిచి, మన ఒక్కరికే పేపర్ గ్లాసులో టీ ఇచ్చి, వాళ్లు పింగాణీ కప్పులో తాగే ఇళ్లు నాకు తెలుసు. మీకూ తెలుసు.

పేపర్ గ్లాసు అంటున్నాం గాని అది ఉత్త కాగితం కాదు. తడిసి కారిపోకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి నీళ్లు 100 మిల్లీలీటర్లు అందులో పావుగంట ఉంటే సుమారు 25,000 సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు లెక్కగట్టారు. అంటే దూరానికి దూరం, దాని మీద విషం.

అందుకని టీ కొట్టులో "గాజు గ్లాసులో ఇవ్వండి" అని అడగడం మనకు పర్యావరణం ఒక్కటే కాదు. అందరూ తాగే గ్లాసు, కడిగి మళ్లీ అందరికీ ఇచ్చే గ్లాసు కావాలని అడగడం. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్లు తాగింది ఎందుకు? ఆ నీళ్లు లేక చచ్చిపోతామని కాదు. మనమూ అందరిలాంటి మనుషులమేనని నిలబెట్టడానికి. ఆ తర్వాత అగ్రవర్ణాలవాళ్లు ఆ చెరువుని ఆవుపేడ, మూత్రం కలిపిన కుండల నీళ్లతో 'శుద్ధి' చేసుకున్నారు. నీటి కోసం అంత పోరాటం చేసిన మనిషి వారసులం. ఆయన పేరుతో చేసే పండగ చెత్తతో బోదెని నింపితే ఆయనకి మనం ఇచ్చే గౌరవం ఏమిటి?

కుమ్మరి కష్టం, భిక్షాపాత్ర నియమం

బుద్ధుడి కాలంలో ప్లాస్టిక్ లేదు కదా, ఆయనేం చెప్పాడని అడగొచ్చు. ప్లాస్టిక్ లేదు. అవసరానికి మించి వాడడం మాత్రం అప్పుడూ ఉంది.

కపిలవస్తులో ఒక కుమ్మరి భిక్షువులకు పాత్రలు చేసి ఇస్తానని ముందుకొచ్చాడు. కొందరు భిక్షువులు హద్దు మరిచిపోయారు. ఉన్న పాత్ర బాగానే ఉన్నా ఇంకోటి కావాలి, చిన్నదుంటే పెద్దది, పెద్దదుంటే చిన్నది. అడిగినవాళ్లందరికీ చేసి ఇచ్చేసరికి అమ్ముకోవడానికి కుండలు చేసే తీరిక ఆ కుమ్మరికి లేకపోయింది. ఇల్లు గడవలేదు. భార్యాబిడ్డలు ఇబ్బందిపడ్డారు. సంగతి బుద్ధుడి దాకా వచ్చింది. పాత్రకి కనీసం ఐదు అతుకులు పడేదాకా భిక్షువు కొత్త పాత్ర తీసుకోకూడదని ఆయన నియమం పెట్టాడు.

ఈ నియమం ఎందుకు పుట్టిందో గమనించండి. ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఒక శ్రామికుడి ఇంట్లో పొయ్యి వెలగకపోవడం వల్ల పుట్టింది. మనం అతిగా వాడితే ఆ బరువు ఎవరిమీద పడుతుంది అనేదే బుద్ధుడు చూసింది.

ఇంకోటి. కోశాంబి రాజు ఉదయనుడి రాణులు ఆనందుడికి ఐదు వందల చీవరాలు దానం ఇచ్చారు. రాజుకి అనుమానం వచ్చింది. ఇన్ని బట్టలు ఏం చేసుకుంటావు, అంగడి పెడతావా అన్నట్టు అడిగాడు. చిరిగిన బట్టలున్న భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? పక్క దుప్పట్లవుతాయి. ఆ దుప్పట్లు పాతబడితే పరుపు గలీబులవుతాయి. అవీ పాతబడితే కింద పరుచుకుంటాం. తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఆ తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి ముక్కలుచేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం అన్నాడు. రాజు సంతోషించి ఇంకో ఐదు వందలు ఇచ్చాడు.

మన అమ్మమ్మలు చేసింది సరిగ్గా ఇదే కదండీ. పాత చీర బొంతైంది, బొంత చిరిగితే ఉయ్యాలైంది, అదీ పోతే మసిగుడ్డైంది. అది పేదరికమని మనం సిగ్గుపడ్డాం. అందులో ఉన్న వివేకాన్ని చూడలేదు.

నీళ్లలో ఉమ్మకూడదని, మలమూత్రాలు విడవకూడదని కూడా భిక్షువుల నియమాల్లో ఉంది. ఈ నేల మీద భిక్షువులు నడిచారు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహల్లో ఉన్నారు. మన మామిడికుదురు మండలంలో, వైనతేయ ఒడ్డున ఆదుర్రులో ఇటుకల స్తూపం కట్టుకున్నారు. ఇప్పటికీ ఊళ్లోవాళ్లు దాన్ని దుబరాజు గుడి అంటారు. రెండువేల ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే రాయి, ఇటుక, వాటి మీద నిలిచిన ధమ్మం కనపడతాయి. మన తరం పోయాక ఇదే మట్టిని తవ్వేవాళ్లకు మన గుర్తుగా ఏం దొరకాలి? షాంపూ ప్యాకెట్లా?

ఇది ఇంకో మడి కాకూడదు

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఇలాంటి మాటలు విన్నాక కొందరు వెంటనే పక్కింటివాళ్ల చేతిలో కవరు చూసి మూతి ముడుస్తారు. "మేం ప్లాస్టిక్ ముట్టం" అంటారు. ముట్టం అనే మాట మనల్ని ఎంత కాల్చిందో మర్చిపోకండి. ప్లాస్టిక్ వద్దనుకోవడం ఇంకో మడిగా మారితే అది ధమ్మం కాదు. మడి కట్టుకున్నవాడు తన శుభ్రం చూసుకుంటాడు. ధమ్మంలో ఉన్నవాడు ఎదుటివాడి దుఃఖం చూస్తాడు.

రోజుకూలి చేసే తల్లి పెద్ద షాంపూ బాటిల్ కొనలేదు, రూపాయి ప్యాకెట్ కొంటుంది. ఆవిడ తప్పేముంది? ఆ రూపాయి ప్యాకెట్‌లో లాభం ఉందని కనిపెట్టింది కంపెనీ. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, తాము అమ్మిన ప్యాకింగ్‌ని తిరిగి సేకరించే బాధ్యత కంపెనీలదే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు, ప్లాస్టిక్ జెండాలు, అలంకరణ థర్మాకోల్ దేశమంతటా నిషేధం. 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు కూడా ఆ నిషేధంలో ఉన్నాయి. 120 మైక్రాన్ల కన్నా పల్చటి చేతి కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి చెల్లవు. ఇవన్నీ బజారులో ఇంకా దొరుకుతున్నాయంటే చట్టం నిద్రపోతోందన్నమాట. గ్రామసభలో లేచి అడగడం కూడా మన సాధనలో భాగమే. బోధించు, సమీకరించు, పోరాడు అని నేర్చుకున్నవాళ్లం కదా.

అలాగని "కంపెనీలు మారితే అప్పుడు చూద్దాం" అని చేతులు ముడుచుకోవడం కూడా సరికాదు. అన్నీ ఒక్కరోజులో మానెయ్యాలనేది ఒక కొస. మనవల్ల ఏమవుతుందనేది ఇంకో కొస. మనది మధ్యమ మార్గం. ఆసుపత్రిలో సెలైన్ బాటిల్ ప్లాస్టిక్కే, అది ప్రాణం నిలుపుతుంది. ఇంట్లో పదేళ్లుగా వాడుతున్న ప్లాస్టిక్ డబ్బాని బయట పారెయ్యకండి, విరిగేదాకా వాడండి. కడియం నర్సరీల్లో మన ఆడపడుచులు రోజంతా నల్ల కవర్లలో మట్టి నింపితేనే కూలి వస్తుంది. వాళ్లని నిందించేవాడికి ధమ్మం తెలియదు. మనం ముందు వదలాల్సింది పావుగంట వాడి పారేసే వాటిని.

ఇంట్లో, బజారులో, విహారంలో

చెయ్యగలిగినవి కొన్ని చెబుతాను. ఒకేసారి అన్నీ వద్దు. నెలకొకటి పట్టుకోండి చాలు.

బజారుకి వెళ్లేటప్పుడు గుడ్డసంచి. సైకిల్‌కి ఒకటి, బండి డిక్కీలో ఒకటి ఎప్పుడూ ఉంచండి. మర్చిపోతామనేదే అసలు కారణం. ఇంటి గుమ్మం పక్కన మేకు కొట్టి సంచి తగిలిస్తే మర్చిపోరు. పాత చీరతో, పాత ప్యాంటుతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు.

చేపలకి, చికెన్‌కి మూత ఉన్న స్టీలు గిన్నె తీసుకెళ్లండి. మొదటిరోజు కొట్టువాడు వింతగా చూస్తాడు. మూడోరోజు గిన్నె చూడగానే తూకానికి ముందే దాని బరువు తీసేస్తాడు. కర్రీ పాయింట్‌కి టిఫిన్ క్యారియర్, టీ పార్సిల్‌కి ఫ్లాస్కు. గిన్నెలు తోమడానికి ప్లాస్టిక్ పీచు ఎందుకు, కోనసీమలో కొబ్బరిపీచుకి కరువా?

పనిలోకి వెళ్లేవాళ్లకి స్టీలు బాటిల్. పిల్లలకి బడికి స్టీలు క్యారేజీ.

ఇక విహారం, జయంతి, పెళ్లిళ్లు, సంస్మరణ సభలు. అసలు చెత్త పుట్టేది ఇక్కడే. ప్రతి పేటకీ ఒక పాత్రల బీరువా ఉండాలని నా కోరిక. ఇంటికి రెండు గ్లాసులు, ఒక కంచం చొప్పున దానం చేస్తే వంద గడపల పేటలో రెండువందల గ్లాసులు, వంద కంచాలు సమకూరతాయి. అవి విహారంలో ఉంటాయి. ఎవరింట్లో శుభకార్యమైనా అవే వాడతారు, కడిగి అప్పజెబుతారు. దానపారమిత అంటే ఇలాంటిదే. కంచాలు చాలకపోతే అరిటాకులున్నాయి, మన్యం నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లున్నాయి. వాటర్ ప్యాకెట్లకి బదులు బిందెలు, కుండలు, పక్కనే గ్లాసులు.

మరి కడిగేదెవరు? ఈ ప్రశ్న ఆడవాళ్లు అడిగితీరతారు, అడగాలి కూడా. ప్లాస్టిక్ మానేసి ఆ బరువంతా మన అక్కల నడుముల మీద పెడితే ఒక గంప దింపి ఇంకో గంప ఎత్తినట్టే. కడగడం వంతులవారీగా ఉండాలి, వంతుల్లో మొదటి పేరు మగవాళ్లది ఉండాలి. సంఘ అధ్యక్షుడు, ప్రసంగానికి వచ్చిన పెద్దమనిషి, యువజన నాయకుడు, అందరూ కూర్చుని ఒకరు తాగిన గ్లాసు ఒకరు కడగాలి. మన 22 ప్రతిజ్ఞల్లో తొమ్మిదోది మనుషులంతా సమానమని నమ్ముతానంటుంది, పదోది ఆ సమానత్వాన్ని నెలకొల్పడానికి కృషి చేస్తానంటుంది. పదమూడోది సకల ప్రాణులపట్ల కరుణ చూపుతానంటుంది. ఈ మూడూ ఆ నీళ్లతొట్టి దగ్గర ఒకేసారి ఆచరణలోకి వస్తాయి.

ఫ్లెక్సీల సంగతి. 2022లో మన జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెడుతున్నారంటే మే 24న అమలాపురం ఎలా తగలబడిందో చూశాం. ఆ పేరు నిలబడింది. అంత విలువైన పేరు, ఆ ముఖం, వారానికే చిరిగి మురుగు కాలువలో తేలితే బాధ మనకే. గుడ్డ బ్యానర్ మీద రంగులతో రాయించండి. మన కుర్రాళ్లలోనే చెయ్యి తిరిగిన ఆర్టిస్టులున్నారు, వాళ్లకి నాలుగు డబ్బులొస్తాయి. ఉతికి మడతపెడితే మళ్లీ ఏడాదికి పనికొస్తుంది. తోరణాలకి నీలిగుడ్డ ముక్కలు చాలు. ఫ్లెక్సీలో బాబాసాహెబ్ మూల కూర్చుని, చందా ఇచ్చిన నలభైమంది ముఖాలు పెద్దగా ఉండే అలవాటు కూడా దీంతో పోతుంది.

రాహులుడి అద్దం

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. బుద్ధుడు తన కొడుకు రాహులుణ్ని, అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికని అతను చెప్పాడు. పనుల్ని కూడా అలాగే చూసుకుంటూ చెయ్యమన్నాడు బుద్ధుడు. చేసేముందు చూడు, చేస్తున్నప్పుడు చూడు, చేశాక చూడు. ఇది నన్ను బాధపెడుతుందా, ఇతరుల్ని బాధపెడుతుందా, ఇద్దరినీ బాధపెడుతుందా? బాధపెట్టేదైతే మానుకో. చేసేశాక తెలిస్తే దాచకుండా చెప్పి, ఇకమీదట జాగ్రత్తపడు.

కొట్టువాడు కవరు చాపినప్పుడు చెయ్యి ముందుకు వెళ్లేలోపు ఒక్క క్షణం ఆగండి. ఇది ఎవరి చేతికి చేరుతుంది? ఆ ఒక్క క్షణం స్మృతి చాలు. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు పెంచుకున్న ఎరుక బజారులో పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది?

నేనూ అన్నీ మానలేదు. సంచి మర్చిపోయి కవరుతో ఇంటికి వచ్చిన రోజులున్నాయి. ఆ రోజు ఆ కవరు కడిగి ఆరబెట్టి, మర్నాడు మళ్లీ అదే తీసుకెళతాను. తప్పు ఒప్పుకుని సరిదిద్దుకోవడం కూడా మార్గంలో భాగమే.

ఆ తెల్లవారి గోడకి ఆనించిన ఫ్లెక్సీని చివరికి నేనే తెచ్చుకున్నాను. పారెయ్యడానికి చోటు లేదు, కాల్చడానికి చేతులు రావు. ఇప్పటికీ అది మా ఇంట్లో అటక మీద ఉంది. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఆ ఫ్లెక్సీని ఎక్కడ పెట్టాలన్నదాంట్లో లేదని ఆలస్యంగా తెలుసుకున్నాను. అసలు అది తయారవకుండా ఉండాల్సింది. మరుసటి ఏడాది ఆ పేటవాళ్లు గుడ్డ బ్యానర్ కట్టారు, స్టీలు గ్లాసులు పెట్టారు. 15వ తేదీ ఉదయం ఆవిడ చీపురు పట్టుకుని వచ్చేసరికి ఊడవడానికి పూలరేకులు, అరిటాకులు ఉన్నాయి. ఊడ్చి పాదుల్లో వేసింది. ఆ తర్వాత మాతో కూర్చుని టీ తాగింది. గ్లాసులు మేం కడిగాం.

ఉపాసకులారా, వచ్చే జయంతికి మీ పేటలో కూడా 15వ తేదీ ఉదయం అలా ఉండాలని సంకల్పం చెప్పుకుందాం. మన వల్ల ఏ సునీతుడి గంపా బరువెక్కకూడదు.

సకల ప్రాణులూ సుఖంగా ఉండుగాక. సాధు, సాధు, సాధు.

నమో బుద్ధాయ. జై భీమ్.